తవ్విన దుంపల్ని కెలక్కు

జపాన్‌లో ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల మధ్య బాగా నలిగిన జోక్ ఒకటుంది. అమెరికా వాళ్లని టైమ్ ఎంతైందని అడగాలంటే ‘హొత్తా ఇమొ ఇజిరు న’ అని గబగబా అనెయ్యమంటారు. జపనీస్‌లో దాని అర్థం ‘తవ్విన దుంపల్ని కెలక్కు’ అని, కానీ అమెరికా వాడి చెవిలో అది ‘వాట్ టైమ్ ఈజ్ ఇట్ నౌ’ లాగే పడుతుంది. ఈ చిట్కా జాన్ మంజిరో పేరు మీద చెలామణీ అవుతోంది. 1841లో చేపల వేటకెళ్లి తుఫానులో కొట్టుకుపోయి, తిమింగలాలు వేటాడే అమెరికన్ ఓడ కంటపడి బతికి, మసాచుసెట్స్ చేరిన కుర్రాడు ఆయన. ఇంగ్లిష్‌ని పుస్తకం కన్నా ముందు చెవితో పట్టుకున్నాడు. ‘వాటర్’ ఆయనకి ‘వారా’ అని వినబడిందంటారు, అమెరికా వాళ్లు అనేది దాదాపు అలాగే మరి.

ఇప్పటి జపాన్ విద్యార్థిది సరిగ్గా తిరగబడ్డ దారి. ఇంగ్లిష్ మాటలు చాలావరకు అతనికి ముందే తెలుసు, కాకపోతే పరాయి మాటలు రాసుకునే కటకానా లిపిలో తెలుసు. మెక్‌డొనాల్డ్స్ అతనికి ‘మకుదొనరుదొ’. ఆరు మాత్రలు, ఆరూ లఘువులే. మాత్రలని ఊరికే అనలేదు, జపనీస్ నడిచేది నిజంగా మాత్రల లెక్క మీదే. ‘టోక్యో’ అనే మాటలో మనం రెండు గురువులు, అంటే నాలుగు మాత్రలు లెక్కేస్తాం కదా, వాళ్లకీ నాలుగే. హైకూ పాదాల్లో 5-7-5 అని లెక్కేసేది కూడా ఈ మాత్రలనే. ఇలా ప్రతి మాత్రకీ దాని వాటా దానికి దక్కే భాషలో పెరిగిన చెవికి, ఒక్కచోట బలమంతా మోపి మిగతా అచ్చుల్ని నమిలి మింగేసే ఇంగ్లిష్ ఎదురైతే, తెలిసిన మాట కూడా తెలియనట్టే దాటిపోతుంది. కాగితం మీద చూపిస్తే మాత్రం ‘అయ్యో, ఇదా!’ అంటాడు.

అసలు వింత ఇంకోటి ఉంది. జపనీస్‌లో ‘న్’నీ ద్విత్వాల్నీ పక్కన పెడితే హల్లు వెనకాల అచ్చు ఉండి తీరాలి, అందుకే ‘స్ట్రైక్’ కాస్తా ‘సుతొరఇకు’ అవుతుంది. బస్సు, కారు, లైటు అనే మనం నవ్వడానికి లేదనుకోండి. ఇది నాలుక అలవాటే అనుకుంటాం కదా, 1999లో ఫ్రెంచ్ పరిశోధకుడు ఇమాన్యుయెల్ డ్యుపూ బృందం చేసిన ప్రయోగం చూస్తే అలా అనిపించదు. వాళ్లు ‘ఎబుజో’ అనే అర్థంలేని మాట తీసుకుని, మధ్యలో ‘ఉ’ని కొంచెం కొంచెంగా కోస్తూ చివరికి పూర్తిగా తీసేసి వినిపించారు. ‘ఉ’ ఆనవాలు కూడా లేని ‘ఎబ్జో’లో సైతం జపాన్ వాళ్లు పదికి ఏడుసార్లు ‘ఉ’ ఉందన్నారు. ఫ్రెంచివాళ్లకి ఆ ఇబ్బంది రాలేదు. అంటే లేని అచ్చుని మెదడే అతికించి వినిపిస్తోంది. అలాంటివాణ్ణి పట్టుకుని ‘జాగ్రత్తగా విను’ అంటే ఏం లాభం?

ర, ల గొడవ అందరికీ తెలిసిందే. జపనీస్‌లో ఆ రెంటికీ కలిపి ఒక్కటే ధ్వని ఉంది. మనం పలికే ధ్వనిలో కొన్ని పౌనఃపున్యాలు బలంగా ఉండి కింద నుంచి పైకి పట్టీల్లా ఏర్పడతాయి. ఇంగ్లిష్ ‘ర’ పలికినప్పుడు వాటిలో మూడో పట్టీ సుమారు 2000 హెర్ట్జ్ కిందికి దిగుతుంది, ‘ల’కి బాగా పైనే ఉంటుంది, తేడా అంతా దాదాపు అక్కడే. జపాన్ వాళ్ల చెవి రెండో పట్టీ మీద ఎక్కువ దృష్టి పెడుతుంది. చెవిలో లోపమా అంటే కానే కాదు. 1975లో ఆ మూడో పట్టీని ఒక్కదాన్నే విడదీసి, మాటలా కాకుండా ఉత్త కూతలా వినిపిస్తే, జపాన్ వాళ్లు అమెరికన్లకి ఏమాత్రం తీసిపోకుండా తేడా పట్టేశారు. అదే మాటలో పెట్టగానే మాయమైంది! ఆరేడు నెలల పసివాళ్లకి ఈ తేడా టోక్యోలోనైనా సియాటిల్‌లోనైనా ఒకేలా తెలుస్తుంది, ఏడాది నిండేలోపే దారులు వేరవుతాయి.

మనకి ర, ల ఉన్నాయి కాబట్టి ఈ పరీక్ష పాసవుతాం, సరే. ఇంగ్లిష్‌లో పడమర అనే మాటనీ, లోపల వేసుకునే బనీను అనే మాటనీ ఎవరినైనా పక్కపక్కన పలకమనండి. రెండూ మనకి ‘వెస్ట్’లే. పెదవి కొరికిన ‘వ’కీ సున్నా చుట్టిన ‘వ’కీ తేడా చెప్పమంటే మనలో చాలామంది తలగోక్కుంటాం.

జపాన్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో 2006లో లిజనింగ్ పెట్టారు, ఒక్కొక్కరి చేతికీ ఒక చిన్న ప్లేయరూ ఇయర్‌ఫోనూ ఇచ్చి. 2021లో పరీక్ష మారాక కొన్ని ప్రశ్నలు ఒక్కసారే వినిపిస్తున్నారు. ఆ టెన్షన్ పిల్లలకే తెలుసు. పరీక్ష పెడితే చదువుతారు నిజమే గానీ, చెవి మారే దారి వేరే ఉంది. 1990ల్లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ పరిశోధకులు జపాన్ వాళ్లకి ర, ల జంట మాటల్ని ఒకరి గొంతుతో కాకుండా నలుగురైదుగురి గొంతులతో వినిపిస్తూ, తప్పైతే అక్కడికక్కడే చెబుతూ వారాల తరబడి సాధన చేయించారు. ఒకే గొంతుతో నేర్చుకున్నవాళ్లు కొత్త మనిషి మాట్లాడగానే మళ్లీ మొదటికొచ్చారు. అనేక గొంతులు విన్నవాళ్లు మాత్రం, 1997లో వచ్చిన ఫలితాల ప్రకారం, 45 తరగతుల్లో సరైన జవాబులు 65 శాతం నుంచి 81 శాతానికి పెంచుకున్నారు. వాళ్ల చేత పలికించే పాఠం ఒక్కటీ పెట్టలేదు, అయినా పలకడం కూడా మెరుగైంది.