ఆటోమేటిక్ పికప్ కింద ఎర్రటి చుక్క: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు ఈమధ్య ఆటోమేటిక్ పికప్‌లు బాగా వస్తున్నాయి. ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటివి. ఎక్కువగా కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువులున్న వాళ్లవి. బండి కొత్తదే గానీ, కింద ఆయిల్ చుక్క కనబడగానే వినిపించే మాటలు మాత్రం పాతవే. వాటిని నమ్మి బాగున్న గేర్‌బాక్స్ దింపించుకున్నవాళ్లున్నారు. దింపాల్సినదాన్ని పట్టించుకోక పాడుచేసుకున్నవాళ్లూ ఉన్నారు.

అపోహ: ఎర్రగా ఉందంటే గేర్‌బాక్స్ ఆయిలే.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) ఎక్కువగా ఎర్రగానే వస్తుంది. కానీ హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న చాలా బళ్లలో స్టీరింగ్‌కి పోసేదీ అదే రకం ఆయిల్. కొన్ని కూలెంట్లు కూడా ఎరుపు, గులాబీ రంగుల్లో ఉంటాయి. పైగా బాగా తిరిగిన ఏటీఎఫ్ గోధుమ రంగుకి మారిపోతుంది. అందుకని రంగొక్కటే చూసి తేల్చకండి. రాత్రి బండి కింద తెల్ల అట్ట పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దానిమీద గుర్తు పెట్టండి. పొద్దున ఆ చుక్కను వేళ్ల మధ్య రుద్దండి. కూలెంట్ నీళ్లలా ఉంటుంది. డీజిల్ ఇంజిన్ ఆయిల్ నల్లగా అంటుకుంటుంది. ఏటీఎఫ్ పలచగా, జిడ్డుగా జారుతుంది. మాడు వాసన కూడా వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయేమోనని అనుమానించాలి. రంగూ జిడ్డూ లేని నీళ్లయితే ఏసీవి, టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: చుక్క ఎక్కడ పడితే లీకు అక్కడే.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ ఒక్క నమ్మకం వల్లే. బండి పరుగులో ఉంటే గాలి ఆయిల్‌ని వెనక్కి నెట్టేస్తుంది. రేడియేటర్ దగ్గర, గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పైపు జాయింట్ వదులైందనుకోండి. ఆయిల్ పైపు వెంటే పాకి, గేర్‌బాక్స్ ఛాంబర్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచు మీదుగా వచ్చి, చివరి బోల్టు దగ్గర చుక్క కడుతుంది. కింద పడుకుని చూసినవాళ్లు ఛాంబర్ ప్యాకింగ్ పోయిందంటారు. ప్యాకింగ్ మారుస్తారు, చుక్క మళ్లీ వస్తుంది. ఈసారి బోల్టులు ఇంకాస్త బిగిస్తారు. దాంతో ఛాంబర్ అంచు వంగి, లేని లీకు కొత్తగా మొదలవుతుంది.

మేమైతే ముందు అడుగుభాగమంతా డిగ్రీజర్‌తో కడిగి గాలి కొడతాం. బందరు రోడ్డులో కంకిపాడు దాకా తిప్పుకొచ్చి, వేడి మీదున్నప్పుడే ర్యాంప్ ఎక్కిస్తాం. తడి ఎక్కడ ఆగిందో కాదు, ఎక్కడ మొదలైందో చూడాలి. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు తడిగా ఉన్న చోటే అసలు జాగా. అయినా దొరకకపోతే ఏటీఎఫ్‌లో యూవీ డై కలిపి, మళ్లీ నడిపి, యూవీ లైటు వేస్తాం. కారిన దారంతా మెరుస్తూ కనబడుతుంది.

బెల్ హౌసింగ్ (ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఉండే డొప్ప) అడుగు నుంచి కారితే మాత్రం ఇంకో మెలిక ఉంది. అక్కడ ఇంజిన్ వెనక సీలు పోయినా కారుతుంది, కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) దగ్గరి పంపు సీలు పోయినా కారుతుంది. ఏ సీలైనా గేర్‌బాక్స్ దింపక తప్పదు. కానీ కారేది ఇంజిన్ ఆయిలో ఏటీఎఫ్‌వో దింపకముందే తేల్చుకోవాలి.

అపోహ: నిలబెట్టినప్పుడే కారుతోంది, కాబట్టి పెద్ద విషయం కాదు.

ఇంజిన్ ఆపాక కన్వర్టర్‌లోని ఆయిల్ మెల్లగా ఛాంబర్‌లోకి దిగుతుంది, లెవెల్ పైకి లేస్తుంది. అప్పుడు గేర్ లివర్ షాఫ్ట్ సీలో, వైరింగ్ కనెక్టర్ రింగో పాడై ఉంటే పొద్దునకి చుక్క పడుతుంది. కూలర్ పైపు లీకు దీనికి సరిగ్గా ఎదురు. ఇంజిన్ తిరిగి ప్రెషర్ ఉన్నప్పుడే చిమ్ముతుంది, ఆపిన చోట నేల పొడిగానే ఉండొచ్చు.

అపోహ: ఇంజిన్ ఆయిల్‌లాగే ఇదీ కొంచెం తగ్గుతుంది.

తగ్గదు. ఏటీఎఫ్ మండి ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే బయటికైనా పోవాలి, రేడియేటర్ లోపలి కూలర్ చిల్లిపడి కూలెంట్‌లోకైనా పోవాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి చూడండి. గులాబీ రంగు పాల నురగలా ఉంటే బండి ఇక స్టార్ట్ చేయొద్దు. గేర్‌బాక్స్ ఆయిల్‌లో నీళ్లు కలిస్తే క్లచ్ ప్లేట్ల మీద అతికించిన లైనింగ్ ఊడిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన బళ్లకూ ఈ ప్రమాదమే. అక్కడ నీళ్లు బ్రీదర్ (గేర్‌బాక్స్‌కి గాలి ఆడే దారి) గుండా లోపలికి పోతాయి.

అపోహ: కాస్త ఎక్కువ పోస్తే సేఫ్.

ఎక్కువైన ఆయిల్ నురగ కట్టి బ్రీదర్ నుంచి బయటికొస్తుంది. చూస్తే అచ్చం లీకులాగే ఉంటుంది. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్సుల్లో లెవెల్ చూడటానికి ఒక పద్ధతుంది. బండి సమతలంగా ఉండాలి, ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, ఆయిల్ వేడి కంపెనీ చెప్పినంత ఉండాలి. గేర్లన్నీ ఒకసారి మార్చి, అప్పుడు లెవెల్ ప్లగ్ తీయాలి. పోసే ఆయిల్ కూడా ఎర్రగా ఉంటే చాలదు. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయాలి.

లీక్ స్టాపర్ డబ్బాల గురించి చాలామంది అడుగుతారు. అవి గట్టిపడ్డ రబ్బరు సీలును కొంత ఉబ్బిస్తాయి, అంతే. పైపు చిల్లిని, తెగిన సీలును ఏమీ చేయలేవు.

డీ లో పెట్టాక బండి ఆలస్యంగా కదులుతున్నా, ఆర్‌పీఎం పెరిగి బండి లాగకపోయినా ఆటోనగర్ దాకా నడుపుకుంటూ రాకండి. తాడు కట్టి లాగించొద్దు కూడా. ఇంజిన్ ఆగి ఉంటే పంపు తిరగదు, వెనక చక్రాలు మాత్రం గేర్‌బాక్స్‌ని ఆయిల్ లేకుండా తిప్పుతుంటాయి. ఫ్లాట్‌బెడ్ పిలిపించి, నాలుగు చక్రాలూ దానిమీదే ఎక్కించండి.