సబ్రినా రాసిన ఉత్తరాలు

పిల్లలూ,

స్కూల్లో కాలిఫోర్నియా గోల్డ్ రష్ (బంగారం కోసం జనం అక్కడికి ఎగబడటం) పాఠం అయిందని చెప్పారు కదా, మీరు చెప్పినదాన్ని బట్టి పాఠం నిండా మగాళ్ళూ గడ్డపారలూ బంగారమే, ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళ ఊసే లేదు. అందుకే సబ్రినా స్వెయిన్ అనే ఆవిడ సంగతి రాస్తున్నా.

న్యూయార్క్ రాష్ట్రంలో నయాగరా దగ్గర యంగ్స్‌టౌన్ అనే ఊళ్ళో వీళ్ళ పొలం. 1848 జనవరిలో దేశం ఆ చివర కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది, 1849 ఏప్రిల్ కల్లా వాళ్ళాయన విలియం, ఏడాది కూడా నిండని పాప ఎలైజాని, పెళ్ళాన్ని, తల్లిని, పొలాన్ని తోడబుట్టిన జార్జ్‌కి అప్పజెప్పి బంగారం కోసం అక్కడికి బయల్దేరిపోయాడు. ఆయన వెళ్ళిన నాలుగు రోజులకే సబ్రినా రాసిన ఉత్తరం ఉంది, నువ్వు వెళ్ళిన రాత్రి నాకు కన్ను మూత పడలేదు, ఇంత కష్టంగా ఉంటుందని ముందే తెలిస్తే అసలు ఒప్పుకునేదాన్నే కాదు అని. మా కాలంలో ఆడవాళ్ళయితే లోపల ఎంత ఏడుపున్నా "ఇక్కడ అంతా క్షేమం" అని రాసేసేవాళ్ళు. ఈవిడ అలా దాచలేదు, నాకు నచ్చింది అదే.

ఇక పోస్ట్ సంగతి వినండి. అప్పటికి దేశం ఆ చివరి దాకా రైలు లేదు (అది 1869లో), టెలిగ్రాఫూ లేదు (1861లో వచ్చింది). ఉత్తరం ఓడలో పనామా దాకా పోయి, అక్కడ పడవల మీద, కంచర గాడిదల మీద అడవి దాటి, మళ్ళీ ఇంకో ఓడెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో చేరాలి, పద్నాలుగు గ్రాముల కాగితానికి 40 సెంట్లు! కాగితం బరువు తగ్గించడానికి కొంతమంది పేజీ నిండాక దాన్ని అడ్డంగా తిప్పి ఆ రాతల మీదే మళ్ళీ రాసేవాళ్ళట, చదివేవాడి కళ్ళు ఏమయ్యేవో మరి. ఓడ వచ్చిందంటే పోస్టాఫీసు ముందు రాత్రంతా క్యూ, కొందరు ముందే నిలబడి తమ చోటు డబ్బుకి అమ్ముకునేవాళ్ళు కూడా.

మీకేమో వాట్సాప్‌లో రెండు టిక్కులు బ్లూ అవ్వకపోతే పది నిమిషాలకే కంగారు. విలియం మిస్సోరీ రాష్ట్రంలో ఇండిపెండెన్స్ అనే ఊరు దాటి బండ్ల గుంపుతో నవంబర్ దాకా నడుస్తూనే ఉన్నాడు, ఆ నెలల్లో ఇంటి ఉత్తరం ఆయన్ని చేరే దారే లేదు, పైగా ఆ ఏడు ఆ దారంతా కలరా. అంటే అవతలి మనిషి ఉన్నాడో లేడో తెలీకుండానే ఈవిడ రాస్తూ ఉండాలి. పాపకి జ్వరం అని రాస్తే, ఎలా ఉంది అన్న జవాబు వచ్చేసరికి పాప నడక నేర్చేసి ఉంటుంది. మరి జ్వరం సంగతి రాయాలా వద్దా? మీరైతే ఏం చేస్తారో నాకు రాయండి.

బంగారం అంటారా, పెద్దగా దొరకలేదు. తానూ వస్తానన్న జార్జ్‌కి కూడా, ఇంటి దగ్గరే ఉండు, రావద్దు అని విలియం రాశాడు. 1851 ఫిబ్రవరిలో ఇంటికొచ్చేశాడు, తర్వాత పీచ్ పళ్ళ తోటలు పెంచుకున్నారు. గనుల్లో గుడారాల్లో, వానల్లో తిరిగి కూడా సబ్రినా ఉత్తరాలు పారేయలేదు చూశారా, అందుకే ఇవాళ ఇద్దరి రాతలూ చదవగలుగుతున్నాం.

మీ అమ్మమ్మ