నీలి నాచు తెచ్చుకున్న ఇనుము కరువు

చెన్నైలో బోరు నీళ్లు వాడే మన తెలుగు ఇళ్లలో చాలామందికి ఇది అలవాటైన తలనొప్పే. పట్టినప్పుడు తేటగా ఉన్న నీళ్లలో తెల్లారేసరికి బకెట్ అడుగున ఎర్రటి మడ్డి చేరుతుంది. గాలి తగలని భూగర్భజలంలో ఇనుము కరిగి ఉంటుంది. ఆక్సిజన్ తగిలాక తుప్పుగా మారి కిందికి దిగిపోతుంది. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట సముద్రాల్లోనూ ఇదే మొదలైంది. ఆ ఆక్సిజన్‌ను వదిలింది సయనోబ్యాక్టీరియా, అంటే నీలి ఆకుపచ్చ నాచు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఇనుము లేకపోతే ఆ నాచుకే పూట గడవదు. కిరణజన్య సంయోగక్రియలో వెలుతురును వాడుకునే ఫోటోసిస్టమ్-1 అనే ఒక్క భాగానికే 12 ఇనుము పరమాణువులు కావాలి.

ఈ జీవులను గుర్తుపట్టడంలో మన దేశానికి దారి చూపింది మద్రాసే. ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఎం.ఒ.పి. అయ్యంగార్ నాచుల అధ్యయనానికి పునాది వేశారు. 1959లో టి.వి. దేశికాచారి వీటి మీదే పెద్ద గ్రంథం వెలువరించారు. అప్పట్లో సూక్ష్మదర్శిని కింద ఆకారం చూసి పేరు తేల్చేవారు. జన్యువుల సంగతి తర్వాతి తరం చేతికొచ్చింది.

1980ల చివర్లో ఇనుము కొరతలో పనిచేసే రెండు జన్యువులు, ఇసి-ఎ, ఇసి-బి, బయటపడ్డాయి. ఇనుము సరిపడా ఉన్నంతకాలం ఫర్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని డీఎన్ఏకు అతుక్కుని వీటిని ఆపుతుంది. ఇనుము తగ్గితే పట్టు వదిలేస్తుంది. అప్పుడు ఇసి-బి నుంచి ఫ్లేవోడాక్సిన్ అనే ప్రోటీన్ తయారై, ఇనుముతో నడిచే ఫెరిడాక్సిన్ అనే ప్రోటీన్ చేసే ఎలక్ట్రాన్లు మోసే పనిని ఇనుము లేకుండానే చేస్తుంది. ఇసి-ఎ ప్రోటీన్లు చేసేది ఇంకా చిత్రం. మూడేసిగా జతకట్టిన ఫోటోసిస్టమ్-1 చుట్టూ వెలుతురును పట్టే ఇవి 18 చేరి వలయం కడతాయని 2001లో తేలింది. ఫోటోసిస్టమ్‌లు తగ్గినా, ఉన్నవాటికి ఎక్కువ వెలుతురు అందుతుంది.

నన్ను బాగా కట్టిపడేసింది 2006 నాటి ఫలితం. సినెకోసిస్టిస్ అనే రకంలో, ఇసి-ఎ జన్యువుకు ఎదుటి డీఎన్ఏ పోగు నుంచే ఇస్ర్-ఆర్ అనే చిన్న ఆర్ఎన్ఏ పుడుతుందని జర్మనీ పరిశోధకులు కనుగొన్నారు. అది ఇసి-ఎ సందేశానికి, అంటే ప్రోటీన్ తయారీ కోసం ఆ జన్యువు నుంచి వచ్చే ఆర్ఎన్ఏ నకలుకు, అతుక్కుంటే రెండూ కలిసి నాశనమవుతాయి. కాబట్టి ఇనుము కాసేపు తగ్గినంత మాత్రాన కణం కంగారుపడి వలయాలు కట్టదు. కొరత సాగి, సందేశాల సంఖ్య ఆ ఆర్ఎన్ఏను మించినప్పుడే పని మొదలవుతుంది. ఇనుము మళ్లీ దొరికితే మిగిలిన సందేశాలను త్వరగా తుడిచేసేదీ ఆ ఆర్ఎన్ఏయే.