వేడి చేసేస్తే పోద్దిలే అనుకుంటాం గానీ

పోయిన మే నెలలో వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా అక్క వాళ్ళింట్లో పిల్లాడి పుట్టినరోజు. పొద్దున్న పదకొండున్నరకే వెజ్ ఫ్రైడ్ రైస్ చేసేసి పెద్ద గిన్నెలో మూతపెట్టి గట్టు మీద ఉంచేశారు, భోజనాలయ్యాక సగం మిగిలిపోయింది, రాత్రి తొమ్మిదింటికి దాన్నే బాణలిలో వేసి పొగలొచ్చేదాకా వేడి చేసి తిన్నాం. వాసన బానే ఉంది, రుచీ బానే ఉంది, జిగురు కూడా రాలేదు. పదకొండున్నర అయ్యేసరికి పిల్లాడు, బావ, నేను ముగ్గురం వరసగా వాంతులు. డాక్టర్ గారు ఫ్రైడ్ రైస్ అన్న మాట వినగానే "వండింది ఎన్నింటికి?" అని అడిగారు. మళ్ళీ బాగా వేడి చేశాకే తిన్నామండీ అని మా అక్క చెప్తే, "వేడి చేస్తే అది పోదమ్మా" అన్నారు.

ఆ మాట నన్ను చాన్నాళ్ళు వదల్లేదు. ఎందుకంటే మన ఇళ్ళల్లో ఆఖరి మందు అదే కదా, పప్పు కొంచెం అనుమానంగా ఉంటే ఒక మరుగు రానివ్వు, చేప ఎండలో కాస్త ఎక్కువసేపు ఉండిపోతే పులుసు ఇంకాసేపు మరిగించు, వేరుశనగ గింజలు ముక్కిన వాసనొస్తే దోరగా వేయించేయ్. మరిగితే సూక్ష్మజీవులు చాలామటుకు చస్తాయి, అందులో అబద్ధం లేదు. కానీ అవి చచ్చేలోపు తిండిలో కలిపేసిన విషాలు కొన్ని మంటకి లొంగవు. మన వైజాగ్ వంటింట్లో రోజూ ఉండే మూడు వస్తువుల్లోనే, అన్నం, చేప, వేరుశనగ, ఈ మూడింట్లోనూ ఇదే కథ జరుగుతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు అన్నం సంగతి. మట్టిలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ధాన్యంతో పాటు మన బియ్యం డబ్బాలోకి వచ్చేస్తుంది, అది ఎవరి తప్పూ కాదు, ఎంత కడిగినా పూర్తిగా పోదు. పరిస్థితి బాలేనప్పుడు అది స్పోర్ అనే గట్టి పెంకులాంటి రూపంలోకి ముడుచుకుపోతుంది, అన్నం ఉడికినా ఆ స్పోర్లు కొన్ని బతికేస్తాయి. ఉడికాక అన్నం గోరువెచ్చగా అయ్యేసరికి వాటికి పండగే, తడి ఉంది, పిండి పదార్థం ఉంది, పోటీకి వచ్చే మిగతా సూక్ష్మజీవులన్నీ ఉడుకులో చచ్చిపోయాయి. మొలకెత్తి పెరగడం మొదలెడతాయి. వీటిల్లో కొన్ని రకాలు సీరులైడ్ అనే విషం తయారుచేస్తాయి, అది 121 డిగ్రీల దగ్గర కూడా చెడిపోదు. ప్రెషర్ కుక్కర్లో విజిల్ వచ్చేటప్పుడు లోపల ఇంచుమించు 120 ఉంటుంది, అంటే కుక్కర్లో పెట్టి మళ్ళీ ఉడికించినా లాభం లేదన్నమాట. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటాయి. దీన్ని మొదట గుర్తించింది కూడా ఫ్రైడ్ రైస్ వల్లే, 1971లో బ్రిటన్‌లో చైనీస్ రెస్టారెంట్లలో తిన్నవాళ్ళకి ఇలా అయ్యింది, అక్కడ అన్నం ముందే ఉడికించి గంటల తరబడి బయటే ఉంచి ఆర్డర్ వచ్చినప్పుడు వేయించి ఇచ్చేవారు. చాలామందికి ఒక్కరోజులో తగ్గిపోతుంది, మాకూ తగ్గిపోయింది. కానీ 2008లో బెల్జియంలో ఒక 20 ఏళ్ళ కుర్రాడు అయిదు రోజులు బయట ఉండిపోయిన స్పగెట్టి వేడి చేసుకుని తిని, తెల్లారేసరికి చనిపోయాడు, లివర్ దెబ్బతినేసింది. అలాంటివి చాలా అరుదు, భయపెట్టడానికి చెప్పట్లేదు, అన్నం ఒక్కటే కాదు సేమ్యా, నూడుల్స్, ఉడికిన బంగాళదుంప కూడా ఇదే లెక్కలోకి వస్తాయని చెప్పడానికి.

ఇప్పుడు దీనికి మన ఊరి గాలి కలపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఏంటంటే 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి సూక్ష్మజీవులకి అనుకూలం, వండింది ఆ మధ్యలో 2 గంటలు మించి ఉంచొద్దు అని. వైజాగ్‌లో మే నెల రాత్రి కూడా 28 డిగ్రీలకి అటూఇటూ ఉంటుంది, సముద్రం పక్కనే కాబట్టి రాత్రి చల్లబడుతుందిలే అనే ఆశ కూడా లేదు. అరగంటకోసారి రెట్టింపు అయ్యే బ్యాక్టీరియా ఒక్కటి ఏడు గంటల్లో 16 వేలు దాటుతుంది. మా అక్క వాళ్ళ గట్టు మీద ఆ రోజు గిన్నె ఉన్నది తొమ్మిదిన్నర గంటలు.

గిన్నె అన్నాను కదా, అసలు తప్పు చాలామటుకు ఆ గిన్నెలోనే ఉంది. లోతుగా ఉన్న అన్నం మధ్యలో వేడి బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది, మందం రెట్టింపు అయితే చల్లారే టైము రెట్టింపు కాదు, ఇంచుమించు నాలుగు రెట్లు అవుతుంది. పైన చెయ్యిపెడితే చల్లగా ఉంటుంది, లోపల నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, పైగా మూత. కాబట్టి మిగులుతుందని తెలిసిన అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో రెండంగుళాల మందం మించకుండా పరిచెయ్యండి, ఫ్యాన్ కింద పెడితే పదిహేను ఇరవై నిమిషాల్లో ఆవిరి పోతుంది, వెంటనే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. వేడిది పెడితే ఫ్రిజ్ పాడైపోతుందని రాత్రి దాకా బయట ఉంచేవాళ్ళని చాలామందిని చూశాను, కాస్త వెచ్చగా ఉన్న చిన్న డబ్బా వల్ల ఫ్రిజ్‌కి ఏమీ కాదు. మర్నాడు తినేస్తే మంచిది, ఒక్కసారే వేడి చెయ్యాలి, అదీ తినేంతే తీసుకుని.

ఇదంతా ఏదో కొత్త సైన్సు అనుకున్నాను గానీ మా మామ్మ పులిహోర కలిపే పద్ధతి గుర్తొచ్చి ఆగిపోయాను. అన్నం వార్చగానే పెద్ద పళ్ళెంలో ఆరబోసి, పసుపు, నూనె వేసి, విసనకర్రతో విసిరి, చల్లారాక చింతపండు గుజ్జు పట్టించేది. మెతుకు పొడిపొడిగా ఉండాలనే చేసేది, కానీ దాంతో పాటు జరిగింది ఏంటంటే అన్నం ఆ ప్రమాదపు వేడిని తొందరగా దాటేసింది, ఆ వెంటనే పులుపు పట్టేసింది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, పుల్లదనం బాగా పెరిగితే, అంటే పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 4.6 కంటే కిందకి దిగితే, ఈ స్పోర్ల రకం బ్యాక్టీరియాలు దాదాపు మొలకెత్తలేవు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్ళు 32 కిలోమీటర్లు నడుస్తారు, చాలామంది సాయంత్రం మొదలెట్టి తెల్లవార్లూ నడుస్తారు, ఆ దారిలో సంచిలో పెట్టుకోవడానికి పులిహోర పొట్లమే ఎందుకు పనికొస్తుందో, కూరన్నం ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమవుతుంది. అయితే పులుపు తగ్గించి, నిమ్మకాయ అరచెక్క పిండి, వేడి వేడిగా టిఫిన్ బాక్సులో కుక్కేసి మూతపెడితే అది పులిహోర అనే పేరుతో ఉన్న మామూలు అన్నమే, ఈ రోజుల్లో పిల్లల లంచ్ బాక్సుల్లో చూసేది ఎక్కువగా అదే.

చద్దన్నం మీద కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పైదంతా చదివి చద్దన్నం మానేస్తారేమో అని నా భయం. గిన్నెలో పొడిగా వదిలేసిన రాత్రి అన్నం వేరు, చద్దన్నం వేరు. చల్లారిన అన్నంలో నీళ్ళుపోసి, కాస్త మజ్జిగ కలిపి ఉంచితే లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియాలు ముందుగా ఆ చోటు ఆక్రమించేసి రాత్రికి రాత్రే పులుపెక్కిస్తాయి, మిగతావాటికి చోటివ్వవు. పాత రోజుల్లో తరవాణి కుండ ఉండేది, అందులో కలి, అంటే పులిసిన గంజినీళ్ళు, పాతదే ఉంచి రోజూ కొత్త గంజి పోసేవారు, పాలకి తోడు వేసినట్టే అది అన్నానికి తోడు. చోడి (రాగి) అంబలి కూడా ఇదే బాపతు. ఇడ్లీ పిండి పొంగడం కూడా ఇదే, కాకపోతే మన ఉక్కపోతకి మే నెలలో ఆరేడు గంటలు చాలు, రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి పులిసి గట్టంతా పొంగిపోతుంది. చద్దన్నానికి మజ్జిగ వెయ్యకుండా ఉత్తి నీళ్ళు పోసి వేసవిలో ఉంచడం మాత్రం నేను మానేశాను, పులుపు ఎక్కడానికి టైము పడుతుంది, ఆ టైములో ఎవరు ముందు పెరుగుతారో చెప్పలేం. ఇంకోటి, చద్దన్నంలో ఐరన్ రాత్రికి రాత్రే ఇరవై రెట్లు పెరుగుతుందని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది, దయచేసి నమ్మకండి. ఐరన్ ఒక మూలకం, ఏ బ్యాక్టీరియా దాన్ని పుట్టించలేదు, గిన్నెలో రాత్రి ఎంత ఉందో పొద్దున్నా అంతే ఉంటుంది. పులిసినప్పుడు ఐరన్‌ని పట్టి ఉంచే ఫైటేట్ కొంత విరుగుతుంది, అందుకని ఉన్నదాన్ని ఒళ్ళు కాస్త బాగా పీల్చుకుంటుంది, అది మంచి విషయమే, దానికి అబద్ధం తోడు అక్కర్లేదు.

చేప. ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళ్ళి తెచ్చుకునే అలవాటు ఉన్నవాళ్ళు ఈ భాగం నెమ్మదిగా చదవండి. కానాగంతలు, సూర, కవళ్ళు, వంజరం, ఈ రకం చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చాక వెచ్చగా ఉంటే బ్యాక్టీరియాలు దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి, మనకి ఎలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలయ్యేది కూడా అదే హిస్టమిన్. అది వండితే పోదు, వేయిస్తే పోదు, చింతపండు పులుసులో మరిగిస్తే పోదు, డీప్ ఫ్రీజ్‌లో పెట్టినా పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద, గుండె దడ వస్తే చాలామంది నాకు చేప పడదు అని జీవితాంతం మానేస్తారు, నిజానికి పడనిది చేప కాకపోవచ్చు, అది ఎండలో గడిపిన మూడు గంటలు కావొచ్చు. తినేటప్పుడు నాలిక చురుక్కుమన్నా, మిరియం కొరికినట్టు ఘాటుగా తగిలినా ఆ ముక్క పక్కన పెట్టేయండి. మళ్ళీ వాసన చూసి చెప్పేద్దాం అనుకుంటే కుదరదు, హిస్టమిన్‌కి వాసన లేదు, తాజాగా కనపడే చేపలో కూడా ఉండొచ్చు.

చెయ్యాల్సింది ఐస్ ఒక్కటే. కొన్నప్పుడు చేప ఐస్‌లో ఉందా, ఉత్తి గోనెపట్టా మీద ఎండలో ఉందా చూడండి, చేపలమ్మే అమ్మని మొహమాటపడకుండా "ఎన్నింటికి దిగిందమ్మా, ఐస్ ఎప్పుడేశారు" అని అడగండి, మంచి సరుకున్నవాళ్ళు సంతోషంగానే చెప్తారు. బండి డిక్కీలో వట్టి కవర్లో వేసుకుని మధ్యలో పూర్ణా మార్కెట్‌లో కూరగాయలు కూడా కొనుక్కుని ఇంటికెళ్ళే అలవాటు నాకూ ఉండేది, ఇప్పుడు ఇంటినుంచే ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ళ సీసాలు రెండు తీసుకెళ్తున్నాను, చేప ఆఖర్న కొంటున్నాను. ఇంటికి రాగానే పేగులు, మొప్పలు తీసేసి కడిగి చల్లగా పెట్టెయ్యాలి, ఆ బ్యాక్టీరియాలు ఎక్కువగా ఉండేది అక్కడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం, సరిగ్గా ఎండలు మండే రోజులు, అప్పుడు దొరికే చేప ఎక్కణ్ణించి ఎన్ని రోజులకి వచ్చిందో ఇంకొంచెం గట్టిగా అడగాలి.

వేరుశనగ గురించి తక్కువే చెప్తాను గానీ తేలిగ్గా తీసుకోకండి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్ళు అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోయాయి, కారణం వాటి దాణాలో బూజు పట్టిన వేరుశనగ పిండి, అలా బయటపడిందే అఫ్లటాక్సిన్. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దాన్ని చేస్తుంది, లివర్‌ని దెబ్బతీస్తుంది, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం తిన్నా లివర్ క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. మన దేశంలోనే 1974లో రాజస్థాన్, గుజరాత్ ఊళ్ళల్లో వానకి తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా చనిపోయారు, దాన్ని పరిశోధించింది మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే. వేయిస్తే ఈ విషం కొంత తగ్గుతుంది తప్ప పోదు. మన ఊళ్ళో ఉప్పు డబ్బాలో ఉప్పే నీరుకారిపోతుంది, అలాంటి తేమలో కిలోల లెక్కన గింజలు తెచ్చి ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద పెట్టడం ఎందుకు, పావుకిలో అరకిలో తెచ్చుకుని గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకుంటే సరిపోతుంది. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పచ్చగా బూడిదగా బూజు కనిపించినవి ఏరి పారేయండి, చేదుగా తగిలితే ఉమ్మేయండి. గానుగ నూనె మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి, రిఫైన్ చేసినప్పుడు ఈ విషం చాలావరకు పోతుంది, గానుగలో ఆ పని జరగదు, కాబట్టి మీ కళ్ళముందు గానుగలో పోసే గింజలు ఎలాంటివో చూసి మరీ ఆడించుకోండి.

ఫ్రిజ్ ఉంది కదా అన్న ధైర్యం కూడా ఎంతవరకో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మనందరికీ తెలిసింది. కరెంటు రోజుల తరబడి లేదు, మా వీధిలో ఫ్రిజ్‌లన్నీ వెచ్చటి అల్మారాలు అయిపోయాయి. ఆ వారం మమ్మల్ని ఆదుకున్నవి అటుకులు, ఎండు చేపలు, ఆవకాయ, చింతపండు చారు, అంటే పొడిగా ఉన్నవి, ఉప్పగా ఉన్నవి, పుల్లగా ఉన్నవి. తలుపు తియ్యకుండా ఉంచితే ఫ్రిజ్ ఒక 4 గంటలు చల్లదనం ఆపుతుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే 48 గంటల దాకా. మనం ఊళ్ళో లేనప్పుడు ఎంతసేపు పోయిందో తెలియదు కదా, దానికి మా బావ ఒక పని చేస్తాడు. చిన్న గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లో వదిలి వెళ్తాడు. తిరిగొచ్చి చూస్తే బిళ్ళ పైనే ఉంటే పర్లేదు, అడుక్కి దిగిపోయి మళ్ళీ గడ్డకట్టి ఉంటే మధ్యలో అంతా కరిగిందన్నమాట, ఆ చేపలు, ఆ మాంసం మారు మాట్లాడకుండా పారేస్తాడు.