జబ్బుల భారాన్ని లెక్కగట్టేదెలా: విశాఖ నుంచి చూస్తే

విశాఖ నగరపాలక సంస్థ మరణాల రిజిస్టరు ఒక్కటే ముందు పెట్టుకుని చూస్తే ఈ ఊరి ఆరోగ్యం ఉన్నదానికన్నా అధ్వానంగా కనిపిస్తుంది. దానికి కారణం జబ్బులు కాదు, నమోదు పద్ధతి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చిన రైతు, పాడేరు కొండల మీంచి 108లో దిగిన బాలింత, కోరాపుట్ నుంచి తెచ్చిన పసివాడు, వీళ్ళలో ఎవరు విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో కన్నుమూసినా ఆ మరణం విశాఖ ఖాతాలోకే వెళుతుంది. భాగహారంలో పైనుండే మరణాల్లో నాలుగు జిల్లాలవాళ్ళు, కింద ఉండే జనాభాలో మాత్రం ఒక్క నగరంవాళ్ళు. ఇలా చేసిన ఏ రేటూ పనికిరాదు.

దీనికి విరుగుడు మరణాన్ని నమోదు చేసే కాగితంలోనే ఉంది. మరణ నివేదిక ఫారం 2లో గణాంకాల భాగం విడిగా ఉంటుంది. చనిపోయినవారి మామూలు నివాసం ఎక్కడో అందులో రాయాలి. ఆ గడిని బట్టి మరణాలను సొంత జిల్లాలకు తిరిగి పంచితే లెక్క చాలావరకు దారికొస్తుంది. అయితే వైద్యం కోసం మూడు నెలలు గాజువాకలో చెల్లెలింట ఉన్న మనిషికి బంధువులు ఆ ఇంటి డోరు నంబరే రాయిస్తారు. సర్టిఫికెట్ తొందరగా చేతికి రావాలన్న ఆత్రం వాళ్ళది.

ఇక అసలు కొలత సంగతి. మరణాలను మాత్రమే లెక్కపెడితే నడుంనొప్పి, కుంగుబాటు, రక్తహీనత కంటికే ఆనవు. 1993లో ప్రపంచ బ్యాంకు తన అభివృద్ధి నివేదికను ఆరోగ్యం మీద వెలువరించినప్పుడు క్రిస్టఫర్ ముర్రే, అలాన్ లోపెజ్ రూపొందించిన ‘డాలీ’ అనే కొలమానం అందరి దృష్టిలో పడింది. ఒక డాలీ అంటే పోగొట్టుకున్న ఒక ఆరోగ్యవంతమైన ఏడాది. ఇందులో రెండు భాగాలుంటాయి: అకాల మరణంతో పోయిన ఏళ్ళు, జబ్బుతో బతికిన ఏళ్ళు.

మొదటి భాగం సులువు. చనిపోయిన వయసు నుంచి ఇంకా ఎన్నేళ్ళు బతకాల్సిందో ఒక ప్రామాణిక పట్టికలో చూస్తారు. 2010 ప్రపంచ వ్యాధి భార అధ్యయనం పట్టిక ప్రకారం అప్పుడే పుట్టిన బిడ్డకు 86 ఏళ్ళు, 25 ఏళ్ళవారికి 61, 50 దగ్గర 37, 70 దగ్గర 19. ఇది మన దేశపు ఆయుర్దాయం కాదు. ప్రపంచంలో ప్రతి వయసులోనూ కనిపించిన అతి తక్కువ మరణ రేట్లను తీసుకుని కట్టిన పట్టిక. అరకులో పోయిన పాతికేళ్ళ మనిషికీ టోక్యోలో పోయిన పాతికేళ్ళ మనిషికీ నష్టం ఒకటేనన్నది దాని ఉద్దేశం. అందుకే బీచ్ రోడ్డులో బైకు ప్రమాదంలో పోయిన 25 ఏళ్ళ కుర్రాడి ఒక్క మరణం, 70 ఏళ్ళవారి మూడు మరణాలకన్నా కాస్త ఎక్కువే తూగుతుంది. మొదట్లో నడి వయసు ఏళ్ళకు ఎక్కువ విలువ కట్టేవారు, భవిష్యత్తులోని ఏళ్ళకు ఏటా 3 శాతం చొప్పున విలువ తగ్గించేవారు. 2010 అధ్యయనంలో ఆ రెండూ తీసేశారు. మంచి పని చేశారు. పసివాడి రేపటికి వడ్డీ కోత వేయడాన్ని మామూలు చదువరికి సమర్థించి చెప్పడం కష్టం.

రెండో భాగంలోనే తగవు. ఒక జబ్బుతో ఎంతమంది ఉన్నారో చూసి, ఆ సంఖ్యను ‘వైకల్య గుణకం’తో హెచ్చవేస్తారు. గుణకం 0 అయితే పూర్తి ఆరోగ్యం, 1 అయితే మరణంతో సమానం. ఈ గుణకాల కోసం బంగ్లాదేశ్, ఇండోనేషియా, పెరూ, టాంజానియాల్లో ఇంటింటికీ తిరిగారు, అమెరికాలో ఫోన్లో అడిగారు, ఇంటర్నెట్‌లోనూ సర్వే పెట్టారు. ఇద్దరు మనుషుల స్థితిని నాలుగు మాటల్లో చెప్పి, వీళ్ళలో ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని అడగడమే పద్ధతి. మన దేశపు గడపలు ఆ ఇంటింటి సర్వేలో లేవు. 2013 సవరణలో ఓ మోస్తరు రక్తహీనతకు 0.052, అంధత్వానికి 0.187, ఓ మోస్తరు కుంగుబాటుకు 0.396, తీవ్ర దశలోని స్కిజోఫ్రీనియాకు 0.778 వచ్చాయి.

కుంగుబాటుకన్నా చూపు పోవడం తేలికా అని ఎవరికైనా అనిపిస్తుంది. సర్వేలో అడిగింది ఆరోగ్యం గురించే. ఉపాధి, పెళ్ళి, బస్సెక్కడం గురించి కాదు. పైగా 1990 లెక్కలో అంధత్వం గుణకం 0.600. అప్పటి నివేదికనూ ఇప్పటి నివేదికనూ పక్కపక్కన పెట్టి అంధత్వ భారం మూడో వంతుకు పడిపోయిందని రాస్తే, తగ్గింది జబ్బు కాదు, గుణకం. కొత్త నివేదిక వచ్చిన ప్రతిసారీ పాత సంవత్సరాలన్నిటినీ కొత్త పద్ధతిలో మళ్ళీ లెక్కవేస్తారు. కాలక్రమాన్ని పోల్చాలంటే ఒకే విడుదలలోని అంకెలే తీసుకోవాలి.

చిన్న గుణకాన్ని చులకన చేయకూడదు. ఓ మోస్తరు రక్తహీనత ఉన్న 10,000 మంది ఆడవాళ్ళను తీసుకోండి. 10,000ను 0.052తో హెచ్చిస్తే ఏడాదికి 520 డాలీలు. యాభయ్యో ఏట జరిగిన 14 మరణాలతో సమానం, ఒక్క ప్రాణం పోకుండానే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత కనబడింది కాబట్టి, కొలతలో చిన్న తేడా వచ్చినా దేశం మొత్తమ్మీద లక్షల డాలీలు అటూ ఇటూ అవుతాయి. ఆ సర్వేలో వేలి కొసన పొడిచి చుక్క రక్తం తీశారు. చుక్క రాలేదని వేలిని పిండితే కణజాలంలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది, హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. మొదటి చుక్క తుడిచేసి తర్వాతి చుక్క తీసుకోవాలన్న నియమం అందుకే. సిర నుంచి తీసిన రక్తమైతే ఈ బెడద ఉండదు. ఖర్చు, శిక్షణ మాత్రం పెరుగుతాయి.

ఒకే మనిషికి రెండు జబ్బులుంటే గుణకాలను కూడరు. షుగరుతో చూపు పోయి, కాళ్ళ నరాలు కూడా దెబ్బతిన్న మనిషికి 0.187, 0.133 కలిపితే 0.320 వస్తుంది. అలా కూడుతూ పోతే అయిదారు జబ్బులున్న ముసలాయన బతికుండగానే 1 దాటిపోతాడు. అందుకని మిగిలిన ఆరోగ్యాన్ని హెచ్చిస్తారు: 0.813ను 0.867తో హెచ్చిస్తే 0.705, దాన్ని 1లోంచి తీస్తే 0.295.

ఇంత గణితం చేసినా, మొత్తం భవనం నిలబడేది ఒక్క కాగితం మీద. ఆసుపత్రిలో మరణానికి డ్యూటీ డాక్టరు నింపే ఫారం 4 అది. ఇంటి దగ్గర పోతే ఫారం 4ఏ. మొదటి భాగంలో ఎ, బి, సి అని మూడు వరుసలు. ‘ఎ’లో ప్రాణం తీసిన చివరి స్థితి, ‘బి’లో దానికి దారితీసినది, ‘సి’లో అన్నిటికీ మొదలైనది రాయాలి. పక్కన ఒక్కొక్కటీ మొదలై ఎంతకాలమైందో వేయాలి. మరణానికి తోడ్పడినా ఈ వరుసలో ఇమడని జబ్బులు రెండో భాగంలోకి వెళతాయి. దేశం లెక్కలోకి ఎక్కేది మామూలుగా మొదటి భాగంలో నింపిన చివరి వరుసే, అంటే మూలకారణం.

58 ఏళ్ళ మనిషికి పదిహేనేళ్ళుగా షుగరు. కాలికి పుండు పడి కుళ్ళింది, సెప్సిస్ అయ్యి మూడు రోజుల్లో చనిపోయాడు. సరైన ఫారంలో ‘ఎ’ సెప్సిస్, 3 రోజులు. ‘బి’ పాదం గాంగ్రీన్, 3 వారాలు. ‘సి’ టైప్ 2 మధుమేహం, 15 ఏళ్ళు. రెండో భాగంలో బీపీ. కోడింగ్ చేసే మనిషి దీనికి అంతర్జాతీయ జబ్బుల పట్టికలోని ఈ11 శ్రేణి సంకేతం వేస్తాడు, మరణం షుగరు ఖాతాలో పడుతుంది. అదే ఫారం తరచుగా ఎలా వస్తుందంటే, ‘ఎ’లో ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’, కింద రెండు వరుసలూ ఖాళీ. గుండె ఆగకుండా, ఊపిరి ఆగకుండా ఎవరూ చనిపోరు కనక ఆ మాట ఏమీ చెప్పనట్టే. దానికి గుండె ఆగిపోవడమనే అర్థం వచ్చే ఐ46 సంకేతం వేస్తారు. ఈ రంగంలో ఇలాంటివాటిని ‘చెత్త కోడ్‌లు’ అంటారు. వృద్ధాప్యం, గుండె వైఫల్యం, కారణం లేకుండా రాసిన సెప్సిస్ కూడా ఆ గంపలోవే. తర్వాత కంప్యూటరు వయసు, లింగం, ప్రాంతాన్ని బట్టి ఈ మరణాలను నిజమైన కారణాల మధ్య పంచుతుంది. మన షుగరు మనిషి అప్పుడు గుండెజబ్బు ఖాతాలో తేలినా ఆశ్చర్యం లేదు.

ఎందుకిలా జరుగుతుందో వార్డులో పనిచేసేవారికి తెలుసు. రోగిని పగలంతా చూసిన డాక్టరు ఒకరు, రాత్రి రెండింటికి సంతకం పెట్టే హౌస్ సర్జన్ మరొకరు. శవాన్ని తీసుకుపోవాల్సిన బండి బయట ఆగి ఉంటుంది. హెచ్ఐవీ అని రాస్తే పరువు పోతుందని బంధువులు బతిమాలతారు. పాత జబ్బు రాస్తే బీమా అందదని ఇంకొకరి భయం. ప్రమాదాల్లో ఇంకో లోపం: ‘తలకు తీవ్ర గాయం’ అని రాసి ఊరుకుంటారు. అది జాతీయ రహదారి మీద లారీ గుద్దడంవల్లా, మేడ మీంచి పడడంవల్లా అన్నది లేకపోతే నివారణకు పనికొచ్చే అంకే ఉండదు. ఆసుపత్రి రికార్డుల విభాగం నెలకోసారి చేయగలిగిన తనిఖీ ఒకటుంది: ఆ నెల ఫారాల్లో ‘ఎ’ ఒక్కటే నింపినవి ఎన్ని, చెత్త కోడ్‌లు ఎన్ని అని యూనిట్లవారీగా చూసి, కేస్ షీటు ఇంకా చేతికందే దూరంలో ఉండగానే వెనక్కి పంపడం. ఏడాది తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ ఆ పని చేయలేదు.

దేశంలో నమోదైన మరణాల్లో వైద్య ధ్రువీకరణ ఉన్నవి 2020లో 22.5 శాతమే. మిగతా వాటికి దారి ‘మౌఖిక శవపరీక్ష’. శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ అనే నమూనా నమోదు వ్యవస్థ దేశవ్యాప్తంగా దాదాపు 8,800 చోట్ల ఇళ్ళను ఏళ్ళ తరబడి గమనిస్తుంది. మరణం జరిగిన ఇంటికి శిక్షణ పొందిన సర్వేయరు వెళ్ళి ప్రశ్నావళి నింపుతారు. 28 రోజుల లోపు పసికందులకు ఒకటి, 14 ఏళ్ళలోపు పిల్లలకు ఒకటి, పెద్దలకు ఒకటి, కాన్పు మరణాలకు వేరే. దాంతోపాటు ఇంటివాళ్ళు చెప్పింది స్థానిక భాషలో రాసుకుంటారు. జ్వరం ముందా ఆయాసం ముందా, కాళ్ళు వాచాయా, మూతి వంకర పోయిందా, ఏ గోళీలు వాడారు, ఇలా. దాన్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం నిర్ణయిస్తారు. పొసగకపోతే మూడో సీనియర్ డాక్టరు తేలుస్తారు.

రోడ్డు ప్రమాదం, ఉరి, కాన్పు, పక్షవాతం వంటివి ఈ పద్ధతికి బాగానే దొరుకుతాయి. డెబ్బై దాటినవారి మరణాలూ, ఉత్త జ్వరం మరణాలూ దొరకవు. 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం మౌఖిక శవపరీక్షల ఆధారంగా భారత్‌లో మలేరియాతో ఏటా సుమారు 2,05,000 మంది డెబ్బై లోపే చనిపోతున్నారంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటి అంచనా 15,000. పదమూడు రెట్ల తేడా! చింతపల్లి, పాడేరు లాంటి మన్యం ప్రాంతాల్లో రక్తపరీక్ష జరగని జ్వరం మరణాన్ని ఎటు వేయాలన్నదే ఆ వివాదమంతా.

ఈ వనరులన్నీ కలిపి 2017లో భారత వైద్య పరిశోధన మండలి, పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని ఆరోగ్య గణాంకాల సంస్థ రాష్ట్రాలవారీ నివేదిక తెచ్చాయి. 1990లో దేశపు డాలీల్లో అంటువ్యాధులు, ప్రసూతి, శిశు, పోషకాహార సమస్యల వాటా 61 శాతం. 2016కి అది 33 అయింది. గుండెజబ్బు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బుల్లాంటి అసాంక్రామిక వ్యాధులు 30 నుంచి 55కి ఎగబాకాయి. అయినా ప్రమాద కారకాల్లో మొదటి స్థానం తల్లీపిల్లల పోషకాహార లోపానిదే.

ప్రమాద కారకాల లెక్కకు కావలసినవి రెండు: ఎంతమందికి ఆ అలవాటుంది, దానివల్ల జబ్బు ముప్పు ఎన్ని రెట్లవుతుంది. రెండోది సాధారణంగా ఎక్కడో చేసిన అధ్యయనం నుంచి అరువు తెచ్చుకుంటారు. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో ఆడవాళ్ళు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ దగ్గర ఆ అరువు చెల్లదు. వేడి నేరుగా అంగిలికి తగులుతుంది కాబట్టి మరోచోట అరుదైన అంగిలి క్యాన్సర్ విశాఖ, శ్రీకాకుళం తీరంలో కనబడుతూ వచ్చింది. సిగరెట్ల మీద కట్టిన నిష్పత్తి వీళ్ళకు తగిలిస్తే భారం తక్కువ తేలుతుంది. పైగా పొగాకు, గాలి కాలుష్యం, బీపీ ఒకే గుండెపోటుకు వాటాదారులు. విడివిడి శాతాలు కూడితే నూరు దాటడం తప్పేమీ కాదు. నూరు దాటిందని కారకాలను కొట్టిపారేసేవారు అది గమనించరు.

అంచనా పక్కన ఉండే అనిశ్చితి హద్దుల్ని చాలా పత్రికలు వదిలేస్తాయి. 2019 వరకు ప్రపంచ అధ్యయనంలో ప్రతి అంకెనూ 1000 సార్లు లెక్కించి, వరుసలో పేర్చి, 25వ దాని నుంచి 975వ దాని వరకు హద్దులుగా ఇచ్చేవారు. రెండు జబ్బుల హద్దులు బాగా కలిసిపోతుంటే మూడో స్థానమా నాలుగో స్థానమా అని వాదించడం దండగ. జిల్లా స్థాయిలో ఆ హద్దులు మరీ వెడల్పు. నమూనా నమోదు వ్యవస్థ రాష్ట్రానికి సరిపడేలా తీసిన నమూనాయే తప్ప జిల్లాకు కాదు. జిల్లా అంకె కనబడిందంటే చాలావరకు అది గణిత మోడల్‌తో కట్టిన అంచనాయే.

విశాఖకు దీనిపైన ఇంకో చిక్కు. 2011 జనగణనలో 42.9 లక్షల మంది ఉన్న ఉమ్మడి జిల్లా 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా చీలింది. మన్యం విడిపోవడంతో మలేరియా, సికిల్ సెల్ రేట్లు విశాఖలో ఒక్క రోజులో పడిపోయినట్టు కనిపిస్తాయి. మూడు కొత్త జిల్లాలను తిరిగి కలిపి పాత వరుసకు అతికిద్దామన్నా కుదరదు. కొత్తగా ఏర్పడ్డప్పుడు అల్లూరి జిల్లాలో తూర్పు గోదావరి నుంచి వచ్చిన రంపచోడవరం డివిజన్ కూడా కలిసింది. మండలాలవారీ అంకెలు భద్రంగా ఉంటే ఆ మండలాలను తీసేసి వరుస కట్టుకోవచ్చు. జిల్లా మొత్తాలు మాత్రమే దాచుకున్నచోట 2022 దగ్గర గీతను తెంపి, రెండు ముక్కలుగానే చూపించాలి.