పావు, అర, ముప్పావు: భిన్నాల కూడికపై అపోహలు - వాస్తవాలు

చెన్నై పెరంబూరులో మా ఇంటి ముందు గదిలో రోజూ సాయంత్రం ఆరు, ఏడు తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. ఎక్కువ మంది తెలుగు ఇళ్ల పిల్లలే. బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. భిన్నాల పాఠం మొదలైన వారానికే తల్లుల నుంచి ఫోన్లు వస్తాయి. "మేడమ్, మిగతావన్నీ బాగానే చేస్తాడు, ఫ్రాక్షన్స్ అంటేనే టెన్షన్ పడుతున్నాడు" అంటారు. నాలుగు మాటలు మాట్లాడేసరికి ఆ టెన్షన్ వెనక ఏదో ఒక అపోహ బయటపడుతుంది. అది చాలాసార్లు పిల్లలది కాదు, పెద్దలది.

అపోహ: పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేసే పిల్లలకు లెక్కలు రావు.

వాస్తవం: 1/2 + 1/3 = 2/5 అని రాసిన పిల్లవాణ్ణి తిట్టే ముందు వాడి టెస్ట్ నోట్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి. మొదటి టెస్టులో 7/10, రెండో టెస్టులో 12/20, చివర ఎర్ర ఇంకుతో మొత్తం 19/30. టీచరే అలా కూడారు, అది తప్పు కూడా కాదు. పదికి ఏడు, ఇరవైకి పన్నెండు, మొత్తం ముప్పైకి పంతొమ్మిది. మార్కులను, భిన్నాలను ఒకేలా రాస్తాం కాబట్టి పిల్లవాడు రెంటినీ ఒకేలా కూడాడు. వాడు బుర్ర పెట్టి ఆలోచించాడు, కాకపోతే వేరే లెక్క చేశాడు.

తేడా ఎక్కడుందో వాడికి చెప్పాలి. మార్కుల్లో టెస్టు టెస్టుకీ మొత్తం మారిపోతుంది. భిన్నాలు కూడేటప్పుడు మాత్రం రెండూ ఒకే మొత్తంలోని ముక్కలై ఉండాలి. నేనైతే పూలమ్మి దగ్గరికి తీసుకెళతాను. అర మూర మల్లెపూలు కొన్నావు, అమ్మమ్మకని ఇంకో అర మూర కొన్నావు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడితే 2/4 వస్తుంది, అంటే మళ్లీ అరే. రెండుసార్లు డబ్బులిచ్చి అర మూరే తెచ్చుకుంటావా? ఈ ప్రశ్న వేశాక అదే తప్పు మళ్లీ చేసిన పిల్లలు నా దగ్గర చాలా తక్కువ.

అపోహ: మిశ్రమ భిన్నాలు (2 1/2 లాంటివి) కూడాలంటే ముందు అపక్రమ భిన్నాలుగా (5/2 లా పై సంఖ్య కిందిదానికంటే పెద్దగా ఉండేలా) మార్చి తీరాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ మంది పిల్లలు ఇక్కడే అలసిపోతున్నారు.

మా వీధి చివర టైలర్ అన్నయ్య ఉన్నాడు. జాకెట్ పొడవు 14 3/4 అంగుళాలు, మడతకి 1 1/2 వదలాలి. గుడ్డ మీద సుద్దతో గీస్తూనే "పద్నాలుగూ ఒకటీ పదిహేను, ముప్పావూ అరా ఒకటింబావు, మొత్తం పదహారుంబావు" అనేస్తాడు. అదే లెక్కకు మా పిల్లలు 14ను 4తో గుణించి, 3 కలిపి, 59/4 అని రాస్తారు. తర్వాత 3/2ను 6/4 చేసి, కూడి, 65/4 తెచ్చి, మళ్లీ భాగించి 16 1/4 దగ్గరికి చేరతారు. జవాబు అదే. కానీ దారిలో గుణకారం, భాగహారం అన్నీ ఉన్నాయి, ప్రతి చోటా తప్పు జరిగే వీలుంది. 14 కాకుండా 137 అయితే ఆ శ్రమ ఎంతో ఊహించండి.

టైలర్ అన్నయ్య పద్ధతి సరిపోవడానికి కారణం మిశ్రమ భిన్నం స్వభావంలోనే ఉంది. 14 3/4 అంటేనే 14 + 3/4. అదే ఒక కూడిక, మధ్యలో ప్లస్ గుర్తు రాయలేదంతే. మన భాషలో అది చెవికి వినిపిస్తుంది కూడా. ఒకటింబావు అంటే ఒకటీ, పావూ. రెండున్నర అంటే రెండూ, అరా. వీధిలో తమిళంలో "రెండేకాల్", "ఒన్నరై" అన్నా అదే కథ. కాబట్టి పూర్ణాంకాలు వేరుగా, భిన్నాలు వేరుగా కూడి, భిన్నాల మొత్తం ఒకటి దాటితే ఆ ఒకటిని పూర్ణాంకంలో కలిపేయవచ్చు.

ఇది మనసులో నాటకపోతే ఎనిమిదో తరగతిలో ఇంకో చిక్కు వస్తుంది. బీజగణితంలో 2x అంటే 2ను x తో గుణించడం. పక్కపక్కన రాస్తే గుణకారమని అక్కడ నేర్చుకున్న పిల్ల 2 1/2 ను కూడా 2 × 1/2 అనుకుంటుంది.

మరి బడిలో అపక్రమ భిన్నంగా మార్చమని ఎందుకంటారు? గుణకారానికి అది నిజంగా కావాలి. 2 1/2 × 1 1/2 లో రెండొకట్ల రెండు, అరని అరతో గుణిస్తే పావు, మొత్తం రెండుంబావు అనుకుంటే తప్పు. సరైన జవాబు 3 3/4. అందుకని అన్నిటికీ ఒకే పద్ధతి నేర్పేస్తారు. నేనూ కొన్నేళ్లు అలాగే నేర్పాను. ఇప్పుడు ముందు విడివిడిగా కూడటం నేర్పి, గుణకారం వచ్చినప్పుడే మార్చడం చెబుతున్నాను.

అపోహ: క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే రెండు కింది సంఖ్యలతోనూ శేషం లేకుండా భాగించగల అతి చిన్న సంఖ్య) రాకపోతే భిన్నాల కూడిక రాదు.

వాస్తవం: కూడికకు కావలసింది రెంటికీ కుదిరే ఒక హారం, అంటే కింది సంఖ్య. అది అన్నిటికంటే చిన్నది కావాలన్న నియమం లేదు. అరగంట, ఇరవై నిమిషాలు కలిపితే యాభై నిమిషాలు. మనం ఇప్పుడు 1/2 + 1/3 నే కూడాం. 30/60 + 20/60 = 50/60, కుదిస్తే 5/6. ఇక్కడ హారం 60 తీసుకున్నాం, క.సా.గు. 6 మాత్రమే. అయినా లెక్క ఎక్కడా చెడలేదు.

మా అమ్మమ్మ తరం వాళ్లకు ఈ పని అణాలు చేసిపెట్టాయి. రూపాయికి పదహారు అణాలు. పావలా అంటే నాలుగు అణాలు, బేడ అంటే రెండు. రెండూ కలిపితే ఆరు అణాలు, అంటే 1/4 + 1/8 = 6/16. 1957లో దశాంశ నాణేలు వచ్చాక అణాలు పోయాయి, 2011లో పావలా కూడా చెల్లకుండా పోయింది. ఇప్పటి పిల్లల చేతికి రూపాయి ముక్కలు రావడం లేదు. అందుకే నేను గడియారాన్ని పట్టుకుంటాను.

క.సా.గు. వద్దని కాదు, దానివల్ల అంకెలు చిన్నగా ఉంటాయి. 5/12 + 7/18 లో హారాలు గుణిస్తే 216 వస్తుంది, 174/216 దగ్గర పిల్లలు కుదించలేక ఆగిపోతారు. 36 తీసుకుంటే 15/36 + 14/36 = 29/36, అక్కడితో సరి. ఈ సులువు మన దక్షిణాదిలో ఎప్పుడో రాసి పెట్టారు. క్రీ.శ. 850 ప్రాంతంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో జైన గణితవేత్త మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో హారాల క.సా.గు.ను 'నిరుద్ధం' అని పిలిచి, దానితో భిన్నాలను కూడే విధానం చెప్పాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. సంస్కృత మూలాన్ని ఇంగ్లీషు అనువాదంతో ఎం. రంగాచార్య 1912లో అచ్చు వేయించింది ఈ మద్రాసులోనే. పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ల కళ్లలో కనిపించే ఆసక్తి నాకెంతో ఇష్టం.

ఇంకో మాట. తెలుగు పుస్తకాల్లో ఒకే హారం ఉన్నవాటిని సజాతి భిన్నాలు, వేరు హారాలవాటిని విజాతి భిన్నాలు అంటారు. హారం అంటే ముక్క ఏ జాతిదో చెప్పే పేరు. మూడు మామిడికాయలు, రెండు మామిడికాయలు కలిపితే ఐదు మామిడికాయలే, పేరును ఎవరూ కూడరు. ఇంగ్లీషు మీడియం పిల్లలకైనా ఈ రెండు మాటలు చెప్పండి.

అపోహ: కాలిక్యులేటర్, దశాంశాలు ఉండగా భిన్నాలెందుకు?

వాస్తవం: 1/3 ను దశాంశంలో పూర్తిగా రాయలేం, 0.333 అని ఎక్కడో ఒకచోట ఆపాల్సిందే. రేపు బీజగణితంలో 1/x + 1/y వస్తే కాలిక్యులేటర్‌లో ఏం నొక్కుతారు?

అపోహ: స్టెప్పులు కరెక్టుగా వస్తే లెక్క వచ్చినట్టే.

వాస్తవం: 1978లో అమెరికాలో దేశవ్యాప్తంగా జరిపిన పరీక్షలో 13 ఏళ్ల పిల్లలను 12/13 + 7/8 సుమారుగా ఎంతో చెప్పమన్నారు. ఇచ్చిన జవాబులు 1, 2, 19, 21. రెండు భిన్నాలూ దాదాపు ఒక్కొక్కటి, కలిపితే దాదాపు రెండు. సరిగ్గా చెప్పినవాళ్లు 24 శాతమే. సగానికి పైగా పిల్లలు 19 అనో 21 అనో అన్నారు.

అందుకే మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. లెక్క మొదలుపెట్టే ముందు జవాబు ఎంత ఉండొచ్చో పేజీ మూలన పెన్సిల్‌తో రాయాలి. మొన్న ఆరో తరగతి పాపకు 3 5/6 + 2 3/8 ఇచ్చాను. "ఆరు దాటుతుంది ఆంటీ" అంది. ఎలా అని అడిగాను. "ఐదూ ఆరో వంతులు ఒకటి కావడానికి ఒక్క ఆరో వంతు చాలు. మూడు ఎనిమిదో వంతులంటే అంతకన్నా ఎక్కువే కదా" అని మూలన 6 రాసి, పక్కన చిన్న ప్లస్ పెట్టింది. తర్వాత 24తో హారాలు కలిపి, 29/24 నుంచి ఒకటి తీసి పూర్ణాంకాల్లో వేసి, 6 5/24 అని రాసి, మూలన రాసుకున్న అంకెతో తనే సరిచూసుకుంది.