నల్లుల కబురు నుంచి రచ్చ దాకా: జేన్ కార్లైల్ ఉత్తరాల వెనక కథ

పనిమనిషి, నల్లులు, పెయింటర్లు, ఇంటి ఖర్చు. ఊళ్లో లేని భర్తకు భార్య రాసే ఇలాంటి కబుర్లు మామూలుగా పొయ్యిలోకో చెత్తబుట్టలోకో పోతాయి. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో మాత్రం ఇవి గుట్టలుగా మిగిలాయి. అందుకు సగం కారణం పోస్టాఫీసే.

1840కి ముందు అక్కడ ఉత్తరమంటే ఖరీదైన వ్యవహారం. దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి చార్జీ. అదీ చాలావరకు అందుకున్నవాళ్లే కట్టాలి. కవరు పెడితే అది ఇంకో కాగితం కింద లెక్క. అందుకే కాగితం నిండాక దాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరసల మీదే మళ్లీ రాసేవారు. పక్కింటి కోడి నిద్ర చెడగొట్టిందని చెప్పడానికి ఎదుటివాళ్ల చేత అంత డబ్బు ఎవరు కట్టిస్తారు? తపాలా సంస్కర్త రోలాండ్ హిల్ 1837లో ప్రతిపాదించిన సంస్కరణ 1840 జనవరి 10న అమల్లోకి వచ్చింది. అర ఔన్సు లోపు ఉత్తరం దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీ. 1839లో సుమారు 7.6 కోట్లున్న ఉత్తరాలు మరుసటి ఏడాదికే దాదాపు 16.9 కోట్లయ్యాయి. (మన దగ్గర దూరంతో పనిలేని అర్ధణా రేటు 1854లో వచ్చింది.)

ఈ చౌక తపాలాను జేన్ వెల్ష్ కార్లైల్ వాడుకున్నంత బాగా వాడుకున్నవాళ్లు తక్కువ. స్కాట్లండు డాక్టరుగారి అమ్మాయి. 1826లో రచయిత థామస్ కార్లైల్‌ను పెళ్లాడింది, 1834 నుంచి లండన్ చెల్సీలో కాపురం. పిల్లలు లేరు. ఆయనకు చిన్న చప్పుడు కూడా పడదు. అందుకని ఇంట్లో రిపేర్లు మొదలైతే ఆయన ఊరెళ్లేవాడు, ఆమె దగ్గరుండి పని చేయించేది.

1843 వేసవిలో అదే జరిగింది. ఆయన వేల్స్, ఆ తర్వాత స్కాట్లండు చుట్టివస్తుంటే, చెల్సీలో పనిమనిషి హెలెన్ మంచంలో నల్లులు బయటపడ్డాయి. ఏం చేసిందో ఆగస్టులో భర్తకు రాసింది: ఒక్కటీ పారిపోకుండా ముందు వంటింటి నేల మీద ఇరవై బకెట్ల దాకా నీళ్లు కుమ్మరించి, కనిపించినవాటిని చంపి, మంచాన్ని ఊడదీసి ముక్కల్ని తొట్టిలో ముంచి, తోటలో రెండు రోజులు నానబెట్టి, ఆపైన కీళ్లకు రంగు పూసిందట. నల్లుల మీద యుద్ధాన్ని ఇంత హుషారుగా రాసినవాళ్లు నాకింకెవరూ తగల్లేదు. ఇంత చేస్తే, తిరిగొచ్చిన ఆయన మూడు రోజులే మురిశాడు. నాలుగో రోజు పక్కింటి అమ్మాయి పియానో మొదలెట్టింది.

1866 ఏప్రిల్ 21న హైడ్ పార్కులో బండిలో వెళ్తూనే జేన్ చనిపోయింది. అప్పుడూ ఆయన స్కాట్లండులోనే ఉన్నాడు. ఆ తర్వాత ఆమె ఉత్తరాలన్నీ పోగుచేసి, భార్యను సరిగా చూసుకోలేదన్న పశ్చాత్తాపంతో వివరణలు రాసి, 1871లో మిత్రుడు, చరిత్రకారుడు ఫ్రూడ్ చేతికిచ్చాడు. కార్లైల్ పోయిన రెండేళ్లకు, 1883లో ఫ్రూడ్ వాటిని మూడు సంపుటాలుగా అచ్చువేయించాడు. ఇక రచ్చే. అంత పెద్దమనిషి ఇంట్లో ఇలాంటివాడా అని ఒక వర్గం. ఫ్రూడ్ కావాలనే బురద చల్లాడని కార్లైల్ బంధువర్గం. 1903లో బంధువులు వేసిన జేన్ ఉత్తరాల సంపుటాలకు ముందుమాట రాసిన డాక్టరు, తప్పంతా జేన్ మానసిక స్థితిదేనన్నాడు!

నాకైతే ఆ ఉత్తరాలు ఏ పక్షానికీ సాక్ష్యంలా కనిపించవు. దెప్పుడు, ముద్దు, గొప్ప చెప్పుకోవడం అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. 1970 నుంచి డ్యూక్, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాలు దంపతులిద్దరి ఉత్తరాలనూ తేదీల వరసలో అచ్చువేస్తూ వచ్చాయి. కాబట్టి ఆయన ఏమని జవాబిచ్చాడో కూడా పక్కనే పెట్టుకుని చదవొచ్చు.